విశాఖ ఉప్పుగాలిని తట్టుకునే సర్వర్ క్యాబినెట్

పాండురంగపురంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు ఉంది. బాల్కనీలో నిలబడితే సముద్రం కనిపిస్తుంది. అక్కడ గోడకు బిగించిన, నెట్‌వర్క్ పరికరాలుండే 9యూ సైజు క్యాబినెట్ తలుపు తీయడానికి పోయినేడు నాకు పావుగంట పట్టింది. తాళంచెవి తిరగలేదు. రెండు చుక్కలు మెషిన్ ఆయిల్ వేసి, నెమ్మదిగా కదిపి తెరిచాను. లోపల కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ను పట్టి ఉంచిన నాలుగు స్క్రూలూ గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి. ఒక్కోదాని కింద తుప్పునీరు కారి ఎండిన చార. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే స్క్రూ తల మీది గాడి పొడిపొడిగా రాలింది. చనిపోయిన స్విచ్ విప్పి చూస్తే, పవర్ సప్లై బోర్డు మీద కెపాసిటర్ కాళ్ళ చుట్టూ పచ్చటి పూత. పెట్టెకి గట్టిగా మూడేళ్ళు కూడా లేవు.

"మంచి కంపెనీదే కొన్నాం కదా మాస్టారూ, ఇలా ఎందుకైంది?" అని ఆయన అడిగారు. నిజమే, పెట్టెలో లోపం లేదు, స్విచ్‌లోనూ లేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆఫీసు మూసేటప్పుడు, షార్ట్ సర్క్యూట్ భయంతో మెయిన్ ఆఫ్ చేసి వెళ్ళేవారు. ఏసీతో పాటు క్యాబినెట్‌కీ కరెంటు పోయేది. ఆ జాగ్రత్తే స్విచ్ ప్రాణం తీసిందని చెబితే మొదట ఆయన నమ్మలేదు.

వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం మనందరం చూసేదే. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమర్చడం మొదలుపెడుతుంది. ఒడ్డున అలలు విరిగినప్పుడు లేచిన తుంపర ఎండిపోయి, కంటికి కనపడని ఉప్పు రేణువులుగా గాలిలో తేలుతుంది. అది స్విచ్ బోర్డు మీద పడుతుంది. పొడిగా ఉన్నంతసేపూ పెద్ద హాని లేదు. తేమ 75 దాటిన రాత్రి అదే ఉప్పు పలచటి ఉప్పునీటి పొర అవుతుంది. ఉప్పునీరు కరెంటును మోస్తుంది, రాగిని తింటుంది. విశాఖలో తేమ 75 దాటని నెల వెతుక్కోవాలి. తెల్లవారుజామున అయితే చెప్పక్కర్లేదు.

నడుస్తున్న స్విచ్ తనను తాను పొడిగా ఉంచుకుంటుంది. 28 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలి, స్విచ్ లోపలికి వెళ్ళి 40 డిగ్రీలకు వేడెక్కితే, దాని తేమ శాతం 44 దగ్గరికి పడిపోతుంది. నీరు ఎక్కడికీ పోలేదు. వేడి గాలి మోయగలిగే నీరు పెరిగింది, అందుకని శాతం తగ్గింది. కరెంటు తీసేస్తే బోర్డు చల్లారుతుంది, తేమ శాతం మళ్ళీ 85కి ఎక్కుతుంది, ఉప్పు చెమరుస్తుంది. పొద్దున్నే వచ్చి ఆ తడి బోర్డుకి 230 వోల్టులు ఇస్తాం. సోమవారం ఉదయాల్లో నాకు ఫోన్లు ఎక్కువ రావడానికి నాకు తెలిసిన పెద్ద కారణం ఇదే.

అందుకే మన ఊళ్ళో క్యాబినెట్ కొనడమంటే, లోపలి పరికరాలు ఏ గాలి పీల్చాలో మనం నిర్ణయించడమే. ఎన్ని యూలు, ఎంత ధర అన్నవి ఆ తర్వాతి మాటలు. అయినా కొలతల్లో తప్పు చేస్తే డబ్బు పూర్తిగా వృథా అవుతుంది కాబట్టి అవి ముందు చూద్దాం.

పరికరాలు బిగించే చట్రాన్ని రాక్ అంటారు. 19 అంగుళాల రాక్ అంటే పరికరం ముందు పట్టీ వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. పెట్టె బయటి వెడల్పు దానికంటే ఎక్కువ. 600 లేదా 800 మిల్లీమీటర్లు ఉంటుంది. యూ అంటే ఎత్తు కొలత, ఒక యూకి 44.45 మిల్లీమీటర్లు. 42యూ అంటే లోపల బిగించే ఎత్తు 1867 మిల్లీమీటర్లు. పైన కప్పు, కింద చక్రాలు కలుపుకుంటే మొత్తం రెండు మీటర్లు అవుతుంది. లిఫ్టులో పడుతుందా, గుమ్మంలోంచి నిలువుగా వెళ్తుందా అని కొనేముందే టేపు పెట్టి చూసుకోవాలి. ద్వారకానగర్‌లోని పాత కాంప్లెక్సుల్లో మెట్ల మలుపు దగ్గర ఆగిపోయిన క్యాబినెట్లను విప్పి, ముక్కలుగా మోయించిన రోజులున్నాయి. నిలువు పట్టీలకుండే చదరపు కన్నాలు సమాన దూరంలో ఉండవు. 15.9, 15.9, 12.7 మిల్లీమీటర్ల వరసలో ఉంటాయి. మూడు కన్నాలు కలిస్తే ఒక యూ. కొత్తవాళ్ళు ఈ దగ్గరి జంట కన్నాలను గమనించక, కన్నంలో ఇరికించే కేజ్ నట్టు ఒక కన్నం పైకి పెట్టేస్తారు, ఇక స్విచ్ ఎంత తోసినా అమరదు.

అందరూ తప్పు చేసేది లోతు దగ్గర. నెట్‌వర్క్ క్యాబినెట్‌కీ సర్వర్ క్యాబినెట్‌కీ అసలు తేడా అక్కడే ఉంది. స్విచ్‌లు, తీగల చివర్లు బిగించే ప్యాచ్ ప్యానెళ్ళు ఎక్కువగా 450 మిల్లీమీటర్లలోపే ఉంటాయి. వాటికి 600 లోతు పెట్టె సరిపోతుంది. రాక్ సర్వర్ చాలావరకు 700 మిల్లీమీటర్లు దాటుతుంది. వెనక కరెంటు తీగలు, నెట్‌వర్క్ తీగలు ఒంగడానికి ఇంకో 150 కావాలి. అంటే లోతు 1000కి తగ్గకూడదు. అక్కయ్యపాలెంలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో 800 లోతు పెట్టెలో సర్వర్ ఎక్కించారు. ముందు భాగం బాగానే అమరింది. వెనక తలుపు పడక, తలుపు తీసి గోడకు ఆనించి ఉంచారు. సర్వర్ వెనక ప్లగ్గులు గోడకు నొక్కుకుపోయి, ఒక రోజు పక్కనుంచి ఎవరో చీపురుతో ఊడుస్తుంటే కరెంటు ఊడింది. రిపోర్టుల కోసం జనం క్యూలో నిలబడ్డారు. 200 మిల్లీమీటర్ల ఇనుపరేకు దగ్గర మిగిల్చిన డబ్బు ఆ ఒక్క పూటలో పోయింది.

వెడల్పు విషయంలో చిక్కేమీ లేదు. సర్వర్లే అయితే 600 చాలు. రెండు వందల నెట్‌వర్క్ తీగలు దిగేచోట 800 తీసుకోండి, పట్టీల పక్కన తీగలకు చోటు దొరుకుతుంది.

ఇక వేడి. క్యాబినెట్‌లోకి వెళ్ళే కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. ఇందులో ఒక్క మినహాయింపు ఉంది. కెమెరాలకు తీగలోంచే కరెంటు పంపే పీఓఈ స్విచ్ 370 వాట్లు ఇవ్వగలదని రాసి ఉంటే, ఆ 370 పెట్టెలో వేడిగా మారవు, చాలాభాగం కెమెరాల దగ్గర ఖర్చవుతుంది. ఇది తెలియక అనవసరంగా పెద్ద ఫ్యాన్లు పెట్టించుకునేవాళ్ళూ ఉన్నారు.

పూర్తిగా మూసిన ఇనుప పెట్టె వేడిని ఎంత వదలగలదో లెక్కకట్టవచ్చు. పెయింట్ వేసిన ఇనుపరేకు, లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరుకు సుమారు 5.5 వాట్లు వదులుతుంది. గోడకు బిగించిన 9యూ పెట్టెలో, గోడవైపు పోగా, గాలి తగిలే రేకు 1.3 చదరపు మీటర్లు. అంటే డిగ్రీకి ఏడు వాట్లు. లోపల 100 వాట్లు ఖర్చవుతుంటే బయటికంటే 14 డిగ్రీలు వేడెక్కుతుంది. మే నెలలో గది 35 ఉంటే పెట్టెలో 49. చాలా స్విచ్‌లు 40, 45, 50 డిగ్రీల దాకానే పనిచేస్తాయని వాటి వివరాల కాగితంలోనే రాసి ఉంటుంది. అదే 100 వాట్లను ఐదు డిగ్రీలకు మించకుండా బయటికి పంపాలంటే గంటకు 60 ఘనపు మీటర్ల గాలి ఆడితే చాలు. ఒక్క 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఆ పని చేస్తుంది.

అసలు చిక్కుముడి ఇక్కడే పడుతుంది. గాలి ఆడితే ఉప్పు లోపలికొస్తుంది, గాలి ఆపితే వేడి లోపలే ఉంటుంది. మదనపల్లెలోనో కర్నూలులోనో పని చేసేవారికి ఇందులో సగమే సమస్య. మనకు రెండూ ఉన్నాయి. పోర్టుకు దగ్గరగా కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం వైపు అయితే వీటికి తోడు బొగ్గు, ఖనిజాల నల్లటి పొడి. ఆ పొడి ఉప్పు చెమ్మతో కలిస్తే బోర్డు మీద బురదలా అతుక్కుంటుంది.

నేను ముందు గదిని చూస్తాను, పెట్టెను తర్వాత. గది కిటికీలు మూసి, సందులకు రబ్బరు పట్టీ వేసి, రాత్రింబవళ్ళు ఏసీ నడిపే స్థోమత ఉంటే, గదే అసలు పెట్టె. అప్పుడు క్యాబినెట్ ముందు వెనక తలుపులు రెండూ జాలీవే ఉండాలి, రేకులో కనీసం మూడింట రెండొంతులు కన్నాలే అయి ఉండాలి. సర్వర్ ముందునుంచి చల్లగాలి పీల్చి వెనకనుంచి వేడి వదులుతుంది. అద్దం తలుపు చూడటానికి బాగుంటుంది గానీ సర్వర్ ముక్కు మూసినట్టే. ఖాళీ యూలకు బ్లాంక్ ప్యానెళ్ళు, అంటే ఆ ఖాళీని మూసే పలకలు, తప్పనిసరి. అవి లేకపోతే వెనక వదిలిన వేడిగాలి ఆ ఖాళీలోంచి తిరిగొచ్చి మళ్ళీ ముందు నుంచే లోపలికి వెళ్తుంది. నాకు తెలిసి క్యాబినెట్ మీద పెట్టే ఖర్చుల్లో ఇంత చవకగా ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు, అందరూ వదిలేసేదీ ఇదే.

గది అలా మూయడం కుదరదు, ఏసీ పగలు మాత్రమే, సిబ్బంది కిటికీలు తెరుస్తారు, అలాంటి ఆఫీసులే ఎక్కువ. అక్కడ మూసిన పెట్టె తీసుకుని, గాలి వచ్చే దారి ఒక్కటే ఉంచాలి. బజారులో దొరికే గోడ క్యాబినెట్లకు ఫ్యాన్ పైకప్పులో ఉంటుంది. అది లోపలి గాలిని పైకి లాగేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి తలుపు సందులనుంచి, తీగల కన్నాలనుంచి బయటి గాలి వడకట్టకుండా దూరుతుంది. దీన్ని తిరగేయమంటాను. కింద ఫిల్టరు పెట్టి, ఫ్యాన్‌తో గాలిని లోపలికి తోయించాలి. పెట్టెలో గాలి ఒత్తిడి కాస్త ఎక్కువై, అన్ని సందులలోంచీ గాలి బయటికే పోతుంది. దుమ్ముకీ, ఉప్పు రేణువుల్లో పెద్దవాటికీ ఉన్న దారి ఫిల్టరు ఒక్కటే అవుతుంది. నెలకోసారి ఆ ఫిల్టరు తీసి దులపాలి. దులపకపోతే ఫ్యాన్ తిరుగుతున్నా గాలి ఆడదు.

మూడోది ఆరుబయట స్తంభాలకు కట్టే కెమెరా పెట్టెలు. దుమ్మునూ నీటినీ ఎంత ఆపుతాయో చెప్పే ఐపీ రేటింగ్ వాటికి ఐపీ55 కంటే తక్కువది వద్దు. మొదటి 5 దుమ్ముకి, రెండో 5 నీటి ధారకి. తీగలన్నీ గ్లాండ్లలోంచి, అంటే తీగ చుట్టూ సందు లేకుండా బిగిసే బిగింపుల్లోంచి, అడుగునుంచే రావాలి. ఆ పెట్టెకు పైన కన్నం పెట్టిన ఎలక్ట్రీషియన్ ఎవరైనా సరే, రేటింగ్ అంతటితో పోయినట్టే.

ఏసీ ఉంటే అంతా క్షేమం అనుకోకండి. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న మన గాలి, 26 డిగ్రీలకంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు కడుతుంది. దీన్నే డ్యూ పాయింట్ అంటారు. బీచ్ రోడ్డులో ఏసీ కారులోంచి దిగగానే కళ్ళజోడు మసకబారడం ఇదే. ఏసీని 18 మీద పెట్టి గదిని గడ్డకట్టించి, ఊడ్చేవాళ్ళు పొద్దున్నే కిటికీలన్నీ తెరిస్తే, క్యాబినెట్ రేకు మీద, ఆపి ఉంచిన పరికరాల లోపల అదే మసక కమ్ముతుంది. సర్వర్ పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని డేటా సెంటర్ల కోసం ఏసీ ఇంజనీర్ల సంస్థ ఆష్రే పెట్టిన ప్రమాణం చెబుతోంది. 24 లేదా 25 మీద స్థిరంగా నడపండి. పరికరం కొత్తగా వస్తే డబ్బా మూసే ఉంచి, గది వేడికి వచ్చాక విప్పండి.

ఏసీ సైజు లెక్క సులువు. ఒక టన్ను అంటే సుమారు మూడున్నర కిలోవాట్ల వేడి. మూడు కిలోవాట్ల రాక్‌కు టన్నున్నర చాలు, గోడలూ ఎండా కలుపుకున్నా. కానీ ఒక్కటే పెద్దది వద్దు. టన్నున్నరవి రెండు పెట్టి, టైమరుతో వంతులవారీగా నడపండి. ఇళ్ళకోసం చేసిన ఏసీ ఏడాది పొడవునా ఆగకుండా నడవడానికి పుట్టింది కాదు. ఒకటి ఆగిన రోజు రెండోది ఉండాలి.

రేకు సంగతి కొనేటప్పుడు చేత్తో చూసి తేల్చవచ్చు. పెట్టెలు ఎక్కువగా సీఆర్‌సీఏ అనే ఉక్కు రేకుతో చేసి పౌడర్ కోటింగ్ వేస్తారు. కోటింగ్ ఉన్న చోట తుప్పు రాదు. లేని చోటే వస్తుంది, అంటే కన్నాల అంచులు, మడతల మూలలు, కీళ్ళ దగ్గర. తలుపు తీసి లోపలి అంచు మీద వేలు పోనిచ్చి చూడండి, గరుకుగా తగిలితే కోటింగ్ అక్కడిదాకా రాలేదు. సైట్‌లో డ్రిల్లింగ్ చేస్తే ఆ కన్నం అంచుకు అక్కడికక్కడే జింక్ ప్రైమర్ రాయాలి, ఇనుప పొడి చీపురుతో కాదు, వాక్యూమ్‌తో తీయాలి. నట్లు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. ఆడిటర్ గారి ఆఫీసులో రాలిపోయినవి పెట్టెతో పాటు ఉచితంగా వచ్చినవే.

గోడ పెట్టె అయితే గోడను వేలితో కొట్టి చూడాలి. డొల్ల ఇటుక గోడకు, ప్లైవుడ్ పార్టిషన్‌కు 12యూ పెట్టె వేలాడదీయకండి. యూపీఎస్‌ను అందులోకి ఎక్కించడం అంతకంటే ప్రమాదం. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే ఇంచుమించు 30 కిలోలు. బ్యాటరీలు నేల మీదే, వేరుగా, గాలి ఆడే చోట ఉండాలి. సీసం బ్యాటరీ 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగం కోల్పోతుంది, స్విచ్‌ల వేడిలో దాన్ని ఉడికించడం దేనికి?

కరెంటు పట్టీ, అంటే పీడీయూ, ఎంచుకునేటప్పుడు సాకెట్ల రకం చూడండి. సర్వర్ తీగ చివర సీ14 ప్లగ్గు ఉంటుంది, పట్టీకి మన ఇళ్ళలోని మూడు పిన్నుల కన్నాలుంటాయి. అప్పుడు ఒక అడాప్టరు వస్తుంది, అదే వదులై మాడుతుంది. ఆ ప్లగ్గు నేరుగా పట్టే సీ13 సాకెట్లున్న పట్టీ తీసుకుంటే ఆ బాధ లేదు. రెండు పవర్ సప్లైలున్న సర్వర్‌కు రెండు పట్టీలు, రెండు వేరు బ్రేకర్లు. 16 ఆంపియర్ల లైను మీద 3680 వాట్లు వస్తాయి, అందులో 80 శాతానికే లోడు పెట్టండి.

ఎర్తింగ్ దగ్గర ఒక చిన్న విషయం ఎప్పుడూ జారిపోతుంది. తలుపుకీ ఫ్రేముకీ మధ్య కీలుంది కదా, ఇనుమే కదా అనుకుంటారు. పౌడర్ కోటింగ్ కరెంటును ఆపుతుంది. ప్రతి తలుపుకీ పచ్చ పసుపు చారల తీగ వేరుగా ఉండాలి. అది బిగించేచోట పెయింట్ గీకి, పళ్ళున్న వాషర్ వేసి, గీకిన చోట మళ్ళీ తుప్పు రాకుండా గ్రీజు రాయాలి. తీరం పక్క ఇసుక నేలల్లో ఎర్త్ పిట్ వేసవికి ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు పోయించి, మీటరుతో కొలిపించండి.

తీగల గురించి ఎక్కువ చెప్పను. ప్రతి 24 పోర్టులకూ తీగలను సర్దిపెట్టే ఒక 1యూ కేబుల్ మేనేజర్, ప్లాస్టిక్ టైలకు బదులు వెల్క్రో, రెండు చివర్లా నంబర్లు. తీగలు దూరే చోట బ్రష్ ఉన్న ప్లేటు పెట్టండి. బల్లులు వెచ్చదనం కోసం పవర్ సప్లైల్లోకి దూరతాయి, షార్ట్ సర్క్యూట్‌కు ఒక్క బల్లి చాలు.

తుఫాను సంగతి విశాఖలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీదికి వచ్చినప్పుడు వాన పైనుంచి పడలేదు, గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో అడ్డంగా కొట్టింది. మూసిన కిటికీల అంచుల్లోంచి నీరు లోపలికి చిమ్మింది. రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే క్యాబినెట్ కిటికీ ఉన్న గోడకు ఉండకూడదు, పై అంతస్తు స్లాబు కింద బాత్‌రూమ్ పైపు ఉన్న చోటా ఉండకూడదు. నేల మీది రాక్‌లో అడుగు రెండు మూడు యూలు ఖాళీగా వదలండి. చక్రాల మీద వదిలేయకుండా నేలకు బోల్టులు వేయండి. పైనుంచి దిగే ప్రతి తీగనూ పెట్టెలోకి వెళ్ళేముందు ఒకసారి కిందికి వంచి పైకి తిప్పండి, కారిన నీరు ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది. తుఫాను తర్వాత కరెంటు వచ్చిన వెంటనే స్విచ్ వేయకండి. అన్ని రోజులు చల్లబడి చెమ్మ పట్టిన బోర్డులవి. ముందు ఏసీ లేదా ఫ్యాన్ నడిపించి, గదిలో తేమ 60 లోపుకు వచ్చాక ఒక్కొక్కటే ఆన్ చేయండి.

2025 అక్టోబరులో గూగుల్ 1500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ హబ్ పెడతామని ప్రకటించాక, ఊళ్ళో డేటా సెంటర్ మాట వినని వాళ్ళు లేరు. అంతంత పెద్దవాటిలో గాలిని వడకట్టడానికి, రాగి వెండి ముక్కలు వేలాడదీసి అవి నెలకు ఎంత తుప్పు పట్టాయో కొలవడానికి మనుషులుంటారు. గాజువాకలోని స్కూలుకో, ఎంవీపీ కాలనీలోని క్లినిక్‌కో అలాంటివాళ్ళు ఉండరు. కానీ గాలి అదే. రాగి ముక్క ఉపాయం మనమూ చేయవచ్చు. గీకి మెరిపించిన చిన్న రాగి తీగ ముక్కను క్యాబినెట్‌లో వేలాడదీయండి. నెల తిరిగేసరికి నల్లబడినా పచ్చబడినా లోపలి బోర్డులకూ అదే జరుగుతోందని అర్థం.

ఆడిటర్ గారి ఆఫీసులో క్యాబినెట్‌కు వేరే బ్రేకరు పెట్టించాను. ఇప్పుడు రాత్రి మెయిన్ ఆఫ్ చేసినా ఆ ఒక్క లైను ఆగదు. షార్ట్ సర్క్యూట్ భయం ఉంది కాబట్టి ఆ లైనుకు ఆర్‌సీబీఓ, అంటే కరెంటు లీకైనా ఎక్కువైనా దానంతటదే ఆపేసే బ్రేకరు, వేశాం. పాత పెట్టెనే ఉంచి, అంచులు గీకి ప్రైమర్ రాసి, ఫ్యాన్ కిందికి మార్చి, స్టెయిన్‌లెస్ స్క్రూలు వేశాం. లోపల ఒక తేమ మీటరూ, ఒక రాగి ముక్కా ఉన్నాయి. పోయిన నెల ఫిల్టరు దులపడానికి వెళ్తే మీటరు 52 చూపించింది. బయట బాల్కనీలో 83. రాగి ముక్క ఒక చివర కొంచెం మబ్బుగా ఉంది, తలుపు రబ్బరు ఆ మూల సరిగ్గా అంటుకోలేదు. ఈసారి వెళ్ళినప్పుడు దాన్ని మార్చాలి.